దోమతెర ఇంట్లో పొగాకు

పొదిలి దాటి కొంత దూరం వెళ్లాక గుండ్లమిట్ట అనే ఊరుంది. ఊరి చివర, మిరప చేలు మొదలయ్యే చోట, సన్నటి వల కట్టిన పొడవాటి షెడ్డు ఒకటి ఉండేది. ఈగ కూడా దూరడానికి వీల్లేని వల. గుంటూరు నుంచి జీపులో వచ్చే పరిశోధన వాళ్లు కట్టించారు దాన్ని. లోపల పెరిగేది పొగాకు. ఎటు చూసినా పొగాకే ఉన్న నేలలో దానికి మళ్లీ ఓ ఇల్లు కట్టడమేమిటో మొదట్లో ఎవరికీ అంతుపట్టలేదు.

"మన మంచాలకు లేని దోమతెర పొగాక్కి కట్టారు చూడవే," అని ఆడవాళ్లు నవ్వుకునేవాళ్లు. అలా దానికి దోమతెర ఇల్లు అని పేరు పడిపోయింది.

ఎలీసమ్మ ఆ ఇంట్లో పనికి చేరేనాటికి ఆమె భర్త ఇమ్మానియేలు పోయి రెండేళ్లు దాటింది. పత్తి చేలో కలుపు తీస్తుంటే కాలి మీద రక్తపింజర కరిచింది. ఇమ్మానియేలు బెదిరిపోయే మనిషి కాదు. మంత్రం వేయించుకోలేదు, పసరు పోయించుకోలేదు. "ఆస్పత్రికి పోదాం పద," అని తనే అన్నాడు. ఎవరిదో ట్రాక్టరు పట్టుకుని వెళ్లారు. అక్కడ నర్సమ్మ బీరువా తెరిచి చూసి, మళ్లీ మూసి, "మందు అయిపోయిందమ్మా, ఒంగోలు తీసుకెళ్లండి," అంది. చీమకుర్తి రాళ్ల గుట్టలు కనిపించే వేళకు ఎలీసమ్మ ఒళ్లో అతని తల బరువెక్కింది.

ఏదైనా తప్పు చేసి ఉంటే దాన్ని తలుచుకుని ఏడవడానికి ఓ దారి ఉండేది. అన్నీ సరిగ్గా చేశాక కూడా మనిషి పోతే ఇక ఎవరిని అనాలి? ఎలీసమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. ఆదివారం చర్చిలో అందరితో పాటు పాట పాడేది. ప్రార్థన దగ్గరికి వచ్చేసరికి పెదవులు కదిలేవి గానీ మాట వచ్చేది కాదు. పిల్లలు లేరు. ఒక్కదానికి వండుకోవడం చేతగాక రోజూ ఇద్దరికి సరిపడా వండేది. మిగిలింది పక్కింటి సుబ్బరావమ్మ గేదె కుడితిలో పడేది.

"నీ చేతి అన్నం తిని నా గేదె ఒళ్లు చేసింది. పాలు మాత్రం ఒక్క గిద్దె పెంచలా," అని సుబ్బరావమ్మ ఆటపట్టించేది. ఎలీసమ్మ నవ్వీనవ్వనట్టు నవ్వేది.

ఆ సుబ్బరావమ్మ భర్తే బుల్లయ్య. నారు పెంచడంలో ఆ చుట్టుపక్కల పేరున్న మనిషి. బుల్లయ్య నారుమడిలో మొక్క పోయిందంటే ఆ ఏడు ఎవరికీ పొగాకు దక్కదని రైతులు చెప్పుకునేవాళ్లు. పరిశోధన వాళ్లు కూడా ఆయన్నే వెతుక్కుంటూ వచ్చి పనిలో పెట్టుకున్నారు. ఓ సాయంత్రం ఆయన గోడ మీంచి తొంగి చూసి, "ఏమ్మా ఎలీసమ్మా, ఇంట్లో కూచుని గోడలు చూసే బదులు వచ్చి నాలుగు బిందెలు నీళ్లు పొయ్యరాదా?" అన్నాడు. మర్నాడు ఆమె వెళ్లింది.

అక్కడి పని పొలం పనిలా ఉండేది కాదు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, ఊదారంగు మందునీళ్లలో కాళ్లు ముంచి లోపలికి పోవాలి. బయటికి వచ్చేటప్పుడు చీర కుచ్చిళ్లు దులుపుకోవాలి. పొగాకు గింజ దుమ్ములా ఉంటుంది, మడతలో ఇరుక్కుని వస్తే కంటికి కనిపించదు. మొగ్గ కనిపిస్తే విచ్చుకోకముందే తుంచాలి. తుంచిన మొగ్గ, రాలిన ఆకు, ఎండిన పుల్ల, ఏదీ బయటికి పోకూడదు. అన్నీ వెనక గుంటలో వేసి కాల్చాలి. ఒక్క మొక్క బయటికి వెళ్లినా ప్రభుత్వం ఇచ్చిన అనుమతి రద్దవుతుందని, మొత్తం పీకేయాల్సి వస్తుందని ఖుర్షిదా మేడం మొదటి రోజే అందరినీ కూర్చోబెట్టి చెప్పింది.

ఆ పనికంతా పెద్ద ఖుర్షిదా మేడం. గుంటూరు మనిషి. డాక్టరు అంటారు గానీ సూదులు వేసే డాక్టరు కాదు, చదువుల డాక్టరు. ఎలీసమ్మ పెట్టే టీ అంటే ఆమెకు ఇష్టం. ఒకరోజు టీ తాగుతూ ఆమెకూ బుల్లయ్యకూ అసలు సంగతి చెప్పింది.

"పాము కరిస్తే ఎక్కించే మందు గుర్రాల నుంచి వస్తుంది ఎలీసమ్మా. గుర్రానికి కొంచెం కొంచెంగా విషం ఎక్కిస్తారు. దాని నెత్తురు ఆ విషంతో పోట్లాడటం నేర్చుకుంటుంది. ఆ పోట్లాడే గుణాన్ని నెత్తురులోంచి వేరు చేసి సీసాల్లో పోస్తారు. అదే గుణం ఇప్పుడు ఈ పొగాకు మొక్క తయారుచేసేట్టు చూస్తున్నాం."

"ఆకులోనా అండీ?"

"ఆకులోనే. కానీ రవ్వంత. ఆకులు కోసి, ఐసులో పెట్టి గుంటూరు తీసుకెళ్లి, నూరి, వడగట్టి, మళ్లీ వడగట్టి, పనికిరానిదంతా తీసేస్తే బుట్టెడు ఆకుకు చెంచాడు కూడా రాదు. అది పనిచేస్తుందో లేదో ఇంకా తెలియదు. మనిషి దాకా రావాలంటే ఏళ్లు పడుతుంది. రాకపోనూవచ్చు."

"గుర్రాలకు ఆ బాధ తప్పుద్ది," అంది ఎలీసమ్మ.

మేడం నవ్వింది. "ఆ మాట ఇంతవరకు ఎవరూ అనలేదు."

మేడం చెప్పినదాంట్లో "రాకపోనూవచ్చు" అన్న మాట ఎలీసమ్మ విన్నది. విని పక్కన పెట్టేసింది. ఆమె మనసులో నిలిచింది వేరే. గుర్రాలు ఎక్కడో దూరాన ఉంటాయి, సీసాలు ఎక్కడి నుంచో రావాలి. పొగాకైతే ప్రతి ఊళ్లో పండుతుంది. పొగాకులోంచి మందు వస్తే ఏ నర్సమ్మా బీరువా తెరిచి అయిపోయిందనే పని ఉండదు. ఎవరూ చీమకుర్తి దాకా తల ఒళ్లో పెట్టుకుని పోనక్కర్లేదు. ఈ ఆలోచన ఆమె ఎవరితోనూ చెప్పలేదు. పొద్దున్నే లేచి ఆ వల తలుపు తీయడానికి మాత్రం ఆమెకు ఓ కారణం దొరికింది. ఇమ్మానియేలు పోయాక మొదటిసారి ఆమె వేళకు తినడం, వేళకు పడుకోవడం సుబ్బరావమ్మ గమనించింది.

రెండో ఏడు నారు బాగా వచ్చింది. లోపల నాటగా మిగిలిన నారును గుంటలో వేసి కిరసనాయిలు పోసి కాల్చమని మేడం బుల్లయ్యకు చెప్పింది. బుల్లయ్య తల ఊపాడు.

ఈ ప్రాంతంలో మిగిలిన నారు పారేయడం ఉండదు. నాట్లు అయిపోయాక నారుమడిలో మిగిలింది ఊరిది. ఎవరి చేలో మొక్క చచ్చిపోయిందో వాళ్లు వచ్చి "నాలుగు మొక్కలుంటే పెట్టు" అంటారు. మడి గలాయన తడిగుడ్డలో చుట్టి ఇస్తాడు. ఎందుకని అడగడు. బుల్లయ్య తన జీవితమంతా అలా ఇస్తూ వచ్చినవాడు. బీటీ పత్తి గింజలు అనుమతి రాకముందే చేతి నుంచి చేతికి మారి చేలల్లో మొలిచిన రోజులవి. గింజ మారడం, నారు మారడం ఎవరికీ తప్పుగా అనిపించేది కాదు. ఆయన ఆ సాయంత్రం గుంటలో ఎండాకులు వేసి మంటపెట్టాడు. నారు మాత్రం తడి తుండులో చుట్టుకుని ఇంటికి పోయాడు. ఈ సంగతి ఎలీసమ్మకు తెలియదు. మేడానికీ తెలియదు.

మిరపకాయలు కళ్లాల్లో ఎండుతున్న రోజులు వచ్చాయి. మంచు పడుతుందని సాయంత్రం కాయల మీద పట్టాలు కప్పి, ఎండెక్కాక తీస్తారు. ఆ రోజు బుల్లయ్య కోడలు శ్రీదివ్య పట్టా తీయడానికి వెళ్లింది. ఆమె భర్త కోటేష్ పిడుగురాళ్లలో సున్నం బట్టీల దగ్గర పని చేస్తుంటాడు. దివ్య నోరు పెద్దది, చెయ్యి చురుకు. పట్టా అంచు పట్టుకుని ఒక్క విసురున లాగింది. వెచ్చదనానికి కింద చేరిన రక్తపింజర పాదం మీద కాటేసి పోయింది.

దోమతెర ఇంటికి బయల్దేరబోతున్న ఎలీసమ్మకు సుబ్బరావమ్మ కేక వినిపించింది. ఎలా వెళ్లిందో తెలియదు, గోడ చుట్టూ తిరిగి ఆ ఇంట్లో ఉంది. దివ్యను అప్పటికే ఎవరో మోసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టారు. పాదం ఉబ్బి నున్నగా మెరుస్తోంది. దాని మీద పచ్చటి ముద్ద పెట్టి గుడ్డ చుట్టారు. వసారాలో బుల్లయ్య రోట్లో ఇంకా ఆకు నూరుతున్నాడు.

"అక్కా, మంట పుడతందక్కా," అంది దివ్య. "మామ ఏందో పూశాడు. చల్లగా ఉన్నట్టే ఉంది గానీ కాలు నాది కాదనిపిస్తంది."

"ఆటో పిలిచారా పిన్నీ?" అని సుబ్బరావమ్మను అడిగింది ఎలీసమ్మ.

"ఆటో ఎందుకంటాడు మీ బాబాయి," అని సుబ్బరావమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

బుల్లయ్య తలెత్తకుండానే అన్నాడు. "మందు మన చేతుల్లోనే ఉంటే ఆటో ఎందుకమ్మా? అరగంట చూడు, వాపు దిగుద్ది."

ఎలీసమ్మ రోట్లోకి చూసింది. ఆ ఆకు ఈ నేల పొగాకు ఆకు కాదు. గుండ్రంగా, మెత్తగా, లేతగా ఉంది. రోజూ తను తడిపే ఆకు అది. లేచి దొడ్లోకి వెళ్లి చూసింది. నీళ్లు పోసుకునే తడిక పక్కన బారుగా ఎదిగిన మొక్కలు. ఒకటి పూత మీద ఉంది. తను మొగ్గలోనే తుంచే పూవు పూర్తిగా విచ్చుకుంటే ఎలా ఉంటుందో ఆమె అప్పుడే మొదటిసారి చూసింది.

"బాబాయ్, ఇయ్యి మన మొక్కలేనా?"

"మనయ్యే. నువ్వు నీళ్లు పోసినయ్యే," అన్నాడు బుల్లయ్య. "కాల్చమన్నారు. పచ్చి నారును ఎట్టా కాల్చేదమ్మా? చేతులొస్తాయా ఎవరికన్నా? అడిగినోళ్లకు తలా రెండిచ్చి నేను నాలుగు పెట్టుకున్నా. ఇయ్యాల అక్కరకొచ్చినయ్యి చూడు."

"దీంతో తగ్గదు బాబాయ్."

"ఆకులో మందుందని మేడమే చెప్పిందిగా. నువ్వూ ఇన్నావుగా?"

విన్నది. అదే కష్టం. అబద్ధమైతే అబద్ధమని ఒక్క మాటలో తీసేయొచ్చు. ఆకులో ఉన్న మాట నిజమే, దివ్యకు అది అందని మాటా నిజమే. ఎలీసమ్మ మాట కోసం అటూ ఇటూ చూసింది. వసారా మూల ఏరి పోసిన పత్తి గుట్టగా ఉంది.

"ఆ పత్తి తీసి ఒంటి మీద పోసుకుంటే చీర కట్టుకున్నట్టా బాబాయ్? చీర అందులోనే ఉంది, కాదన్లా. గింజ తియ్యాలి, ఏకాలి, వడకాలి, నెయ్యాలి. ఇదీ అంతే. గుంటూర్లో వాళ్లు ఇంకా ఏకతానే ఉన్నారు. నెయ్యలా ఇంకా."

సుబ్బరావమ్మ మొగుడి వైపు తిరిగింది. బుల్లయ్య పొత్రం పక్కన పెట్టాడు. ఆయన ముఖంలో భయం అప్పుడు కనిపించింది. భయపడిన మనిషి అనకూడని మాట అన్నాడు.

"ఆస్పత్రికి నువ్వు తీసకపోయావుగా నీ మొగుణ్ణి. ఏం జేశారు?"

"నోరు ముయ్యి!" అంది సుబ్బరావమ్మ. "వయసొచ్చింది గానీ..."

ఎలీసమ్మ మెల్లగానే చెప్పింది. "మందు లేక పోయాడు బాబాయ్. ఆస్పత్రికి తీసకపోయినందుకు పోలా. ఈసారి ముందు ఫోన్ చేసి, ఉందో లేదో అడిగి, ఉన్నకాడికే పోదాం."

ఊళ్లో ఉన్న రెండు ఆటోలూ కాయ కోసే కూలీలను ఎక్కించుకుని పొద్దున్నే వెళ్లిపోయాయి. ట్రాక్టర్లు పొలాల్లో ఉన్నాయి. ఫోనూ, బండీ రెండూ ఉన్నది ఒక్క దోమతెర ఇంటి దగ్గరే. ఆ రోజు ఖుర్షిదా మేడం జీపు వేసుకుని వచ్చింది.

ఎలీసమ్మ ఎటు పోబోతుందో బుల్లయ్యకు అర్థమైంది. లేచి గుమ్మంలోకి వచ్చాడు.

"మేడాన్ని ఈడికి తీసుకురాబాక. మంచంతో సహా రోడ్డు దాకా మేమే మోసుకొస్తాం. ఇయ్యి చూసిందంటే మొత్తం పీకిస్తది. నా పనే కాదు, ఆ ఇల్లే ఉండదు. నీకు తెల్సుగా ఎలీసమ్మా?"

తెలుసు. ఆ ఇల్లు లేకపోతే తనకు పొద్దున్నే ఏ తలుపూ ఉండదని కూడా తెలుసు. ఒక్క క్షణం ఆమె గుమ్మంలో ఆగింది. మోసుకొస్తామంటున్నారు కదా, మొక్కల మాట ఎత్తకుండా జీపు మాత్రం అడిగితే సరిపోతుందేమో అనిపించింది. అప్పుడే దివ్య మంచం మీంచి వంగి కింద ఉమ్మింది. ఉమ్మి ఎర్రగా పడింది.

ఎలీసమ్మ పరుగెత్తింది. మనిషి భారీ, పరుగు అలవాటు లేదు. చూసినవాళ్లు ఎవరి ఇల్లు అంటుకుందో అనుకున్నారు.

మేడం వల తలుపు దగ్గర చెప్పులు విడుస్తోంది. ఎలీసమ్మకు ఊపిరి అందడం లేదు, అయినా మాట వరసగానే వచ్చింది. "బుల్లయ్యగారి కోడల్ని రక్తపింజర కరిచిందండి. చిగుళ్లలోంచి నెత్తురొస్తంది. జీపు కావాలండి. ఒంగోల్లో మందుందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి." అక్కడితో ఆపొచ్చు. ఆపలేదు. "మన ఆకు నూరి కట్టారండి కాటు మీద. మొక్కలు బయట ఉన్నాయండి. పూత కూడా వచ్చింది."

మేడం ఒక చెప్పు కాలికి ఉండగానే ఆమె వంక చూసింది. తర్వాత ఆ చెప్పు మళ్లీ తొడుక్కుని, "ఖాదర్ వలీ, జీపు తియ్యి," అని డ్రైవర్‌ను కేకేసింది. లోపలికి పోయి ఫోన్ చేసింది. మొదట చేసిన చోట లేదన్నారు. రెండో చోట ఉందన్నారు. "పక్కన పెట్టి ఉంచండి, వస్తున్నాం," అని వాళ్ల చేత రెండుసార్లు అనిపించుకుని ఫోన్ పెట్టేసింది.

జీపు బుల్లయ్య గుమ్మం దాకా వచ్చింది. మేడం దివ్య కాలి మీది గుడ్డ విప్పించి, ఆ ముద్ద కడిగించింది. దొడ్డి వైపు ఒక్కసారి చూసి జీపెక్కింది. దారిలో దివ్య తల ఎలీసమ్మ ఒళ్లో ఉంది. చీమకుర్తి వస్తుంటే ఎలీసమ్మ కళ్లు మూసుకుంది.

"అక్కా, నిద్రపోతన్నావా? నేనిక్కడ చస్తంటే," అంది దివ్య.

"మాట్లాడతానే ఉండు తల్లీ," అంది ఎలీసమ్మ కళ్లు తెరవకుండానే. "మాట్లాడటం నీకు చేతకాంది కాదుగా."

దివ్య ఒంగోలు దాకా మాట్లాడుతూనే ఉంది. అత్తను తిట్టింది, మామను తిట్టింది, పిడుగురాళ్లలో సున్నం బట్టీలను తిట్టింది. అక్కడ సీసా తర్వాత సీసా ఎక్కించారు. బతికింది. పాదం మీద చర్మం ఊడి, మళ్లీ రావడానికి చాలా కాలం పట్టింది. మంచం దిగకముందే ఎలీసమ్మను అడిగింది.

"నాకెక్కించింది ఏ మందక్కా? ఆకుదా?"

"గుర్రందే."

"అందుకేనా కాళ్లు ఆడించాలనిపిస్తంది," అని తనే నవ్వి, నొప్పికి మూలిగింది.

ఊళ్లో మిగతా మొక్కల సంగతి చూడాల్సి వచ్చింది. బుల్లయ్య ఎవరెవరికి ఇచ్చాడో తనే వెంట వచ్చి చూపించాడు. మేడం, ఎలీసమ్మ ఇంటింటికీ తిరిగారు. జనం అంత తేలిగ్గా ఇవ్వలేదు. దివ్య బతికింది ఆకు పసరు వల్లేనని, ఆస్పత్రి వాళ్లు పేరు కొట్టేశారని అప్పటికే ఓ మాట పుట్టింది. జైతున్‌బీ దొడ్లో కోళ్లగంప బోర్లించి ఉంది.

"అందులో ఏముంది జైతున్‌బీ?" అని అడిగింది ఎలీసమ్మ.

"పొదుగుడు పెట్టమ్మా. ముట్టుకోబాక, పొడుస్తది."

"పెట్టకు ఆకు తోక మొలిచిందేంది?" గంప కన్నాల్లోంచి పచ్చటి ఆకు బయటికి వచ్చి ఉంది.

జైతున్‌బీ సిగ్గుపడలేదు. గంప ఎత్తుతూ అంది, "పాముల దొడ్డి నాది. ఒక్కటన్నా ఉంచితే మీ సొమ్మేం పోద్ది? ఉందన్న ధైర్యం ఉంటదిగా."

"ఆ ధైర్యమే చంపుద్ది," అంది ఎలీసమ్మ. అలా అని మొక్క పీకుతుంటే ఆమెకు జైతున్‌బీ మీద కోపం రాలేదు. ఉందన్న ధైర్యం అంటే ఏమిటో ఆమెకు తెలిసినంతగా ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు.

తర్వాత హైదరాబాదు నుంచి ఇద్దరు అధికారులు వచ్చారు. షెడ్డు ముందు కుర్చీలు వేశారు. మొక్కలు ఎవరు తీసుకెళ్లారని అడిగితే బుల్లయ్య నిలబడి, "నేనేనండి. నారు కాల్చడం మాకు అలవాటు లేదండి," అన్నాడు.

"పెద్దాయనా, ఆ ఆకును నమ్మి నీ కోడలి ప్రాణం పోయేది," అన్నాడు పెద్ద అధికారి. గట్టిగా అనలేదు. బుల్లయ్య తుండు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"బయట ఉన్నాయని మేడానికి చెప్పింది ఎవరు?"

"నేనండి," అంది ఎలీసమ్మ.

"చెబితే ఇక్కడి పని ఆగిపోతుందని నీకు తెలుసా?"

"తెలుసండి."

"మరి?"

అందరూ ఆమె వైపే చూస్తున్నారు. "అమ్మాయి నడవలేదండి," అంది చివరికి. "జీపు ఒక్కటే ఉందండి."

ఆయన ఆ మాట రాసుకున్నాడు.

లోపలి మొక్కలన్నీ పీకేయాలని తేలింది. ఆ పని చేయడానికి బయటి కూలీలను పిలవనివ్వలేదు. మేడం, బుల్లయ్య, ఎలీసమ్మ తలా ఓ వరస పట్టారు. ఆకులు అప్పుడు మంచి బిగి మీద ఉన్నాయి. ఇంకో రెండు వారాల్లో కోతకు వచ్చేవి. వేరు మట్టి విదిలించి పక్కన పేర్చుకుంటూ పోతున్నారు. చాలాసేపటికి మేడం నడుం పట్టుకుని నిలబడింది.

"గింజలు గుంటూర్లో ఉన్నాయి ఎలీసమ్మా. తాళం వేసి ఉంచాం. ఎప్పుడో ఒకప్పుడు, ఇంకెక్కడైనా మొదలుపెడతామేమో. ఇక్కడ మాత్రం ఇక ఇవ్వరు." చేతి మట్టి దులుపుకుంటూ అంది, "మందు అవుతుందని నేను నీకు ఎప్పుడూ మాట ఇవ్వలేదు కదా?"

"ఇవ్వలేదండి," అంది ఎలీసమ్మ వంగి ఇంకో మొక్క పట్టుకుంటూ. "నేనే తీసుకున్నా."

మేడం తన వరసలోకి వంగింది.

పచ్చి ఆకు ఓ పట్టాన కాలదు. గుంటలోంచి పొగ దట్టంగా లేచి మిరప కళ్లాల మీదుగా పోయింది. పొద్దు వాలేసరికి అంతా అయిపోయింది. ఖాళీ షెడ్డులో వల మాత్రం గాలికి ఉబ్బి, మళ్లీ దిగుతోంది. ఎలీసమ్మ చీర కుచ్చిళ్లు దులుపుకుని బయటికి వచ్చింది. ఇక దులపాల్సిన పని లేదు, అయినా దులిపింది.

ఇంటికి వచ్చి చేతులు చూసుకుంటే పొగాకు జిగురు నల్లగా అట్ట కట్టింది. పచ్చి టమాటా కోసి రుద్దుకుంది. సబ్బుతో కడిగింది. రంగు పోయింది గానీ చేదు పోలేదు. అన్నం పెట్టుకుని కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంటే అన్నమంతా చేదు. కళ్లు నిండాయి. చేదుకే అనుకుంది. రెండో ముద్దకు అది చేదుకు కాదని తెలిసిపోయింది. ఆపుకోవాలని చూడలేదు. ఏడుస్తూనే కలుపుకుంది, ఏడుస్తూనే తిన్నది. మధ్యలో "ప్రభువా" అన్న మాట ఒకటి నోట్లోంచి వచ్చింది. అది తన గొంతేనా అని తనే ఆగి విన్నది. పళ్లెం ఖాళీ అయ్యాక చెయ్యి కడుక్కుని, వాకిట్లో గాలికి కూర్చుంది.